పొన్న చెట్టు బలం నర్సరీ కవరులోనే తేలిపోతుంది

సంపాదకులకు నమస్కారం.

తుపాను తీరం దాటిన ప్రతిసారీ పత్రికల్లో రెండు రకాల వార్తలు వస్తాయి. మర్నాడు వేళ్లతో సహా కూలిన చెట్ల ఫొటోలు, నెల తిరక్కముందే వాటి చోట వేల మొక్కలు నాటుతామన్న ప్రకటనలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రెండూ చదివాం. ఆ తరువాత వచ్చిన తుపానులప్పుడూ చదువుతూనే ఉన్నాం. ఏ చెట్టు నాటాలన్న చర్చ బాగానే జరుగుతోంది. నాటబోయే మొక్కకు నర్సరీలో వేరు ఎలా పెరిగిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు. గాలికి చెట్టు నిలబడుతుందా, కూలుతుందా అన్నది సగానికి సగం అక్కడే తేలిపోతుంది. మన తీరానికి సరిగ్గా సరిపోయే పొన్న చెట్టును తీసుకుని, విత్తనం ఏరడం దగ్గర నుంచి గుంతలో నాటడం దాకా ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. పెరట్లోనో బడిలోనో పంచాయతీ స్థలంలోనో పెంచాలనుకునేవారి కోసం కొలతలు కూడా ఇస్తున్నాను. ఉత్తరం పొడవైంది, వీలైతే కత్తిరించకుండా ప్రచురించమని మనవి.

పొన్న శాస్త్రీయ నామం కాలోఫిల్లమ్ ఇనోఫిల్లమ్. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మన తీరాలు, శ్రీలంక, ఆగ్నేయాసియా మీదుగా పసిఫిక్ దీవుల దాకా సముద్రపు ఒడ్డున పెరుగుతుంది. ఉప్పు గాలికి ఆకు మాడదు, ఇసుక నేలలో బతుకుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. తెల్లని రేకుల మధ్య పసుపు కేసరాల గుత్తితో, మంచి వాసనతో పూస్తుంది. కొన్ని వైష్ణవ ఆలయాల ఉత్సవాల్లో స్వామిని పొన్న వాహనం మీద ఊరేగిస్తారు. ఆ వాహనానికి దండం పెట్టినవారిలో చాలామంది అసలు చెట్టును చూసి ఉండరేమో అనిపిస్తుంది.

విత్తనం ఏరడానికి వెళ్లేముందు చెట్టును సరిగ్గా గుర్తుపట్టాలి. సురపొన్న వేరే చెట్టు. పొన్నకు పున్నాగ అన్న పేరూ ఉంది, కానీ కొన్ని ప్రాంతాల్లో ఆకాశమల్లెనే పున్నాగ అంటారు కాబట్టి, నర్సరీలో పున్నాగ అని అడిగితే పొడుగు కాడల తెల్లపూల ఆకాశమల్లె ఇచ్చి పంపినా ఆశ్చర్యం లేదు. పొన్నను పోల్చుకోవడానికి పూల కోసం ఆగనక్కర్లేదు, ఆకు చాలు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అరచేయంత పొడవుంటాయి, దళసరిగా ఉంటాయి, పైభాగం నిగనిగలాడుతుంది. ఒక ఆకు కోసి వెలుతురుకు పట్టి చూడండి. నడి ఈనె నుంచి అంచు దాకా లెక్కలేనన్ని సన్నని ఈనెలు దువ్వెన పళ్లలా ఒకదాని పక్కన ఒకటి తిన్నగా సాగి ఉంటాయి. తొడిమ తుంచిన చోట పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే మంట పుడుతుంది, పిల్లలతో ఏరించేటప్పుడు ముందే చెప్పండి. కాయలోని పప్పు తినకూడదు, అది విషపూరితం. ఆ మాట కూడా అప్పుడే చెప్పాలి.

పూత సాధారణంగా ఏడాదికి రెండు దఫాలు వస్తుంది. ఊరిని బట్టి, ఆ ఏటి వానలను బట్టి ముందూ వెనకా అవుతుంది కనుక నెలలు లెక్కపెట్టడం కంటే చెట్టు కింద నేలను గమనించడం మేలు. కాయ గుండ్రంగా, అంగుళం నుంచి అంగుళంన్నర అడ్డుకొలతతో ఉంటుంది. ముందు ఆకుపచ్చగా ఉండి, పండితే పసుపు తిరుగుతుంది. రాలాక గోధుమ రంగుకు మారి తోలు ముడతలు పడుతుంది. పసుపు తిరిగి కొత్తగా రాలిన కాయ అన్నిటికంటే మంచిది. గబ్బిలాలు పైగుజ్జు తిని టెంకను వదిలేస్తాయి. శుభ్రంగా ఉన్న టెంకలు వేరే చెట్టు కింద గుట్టగా కనిపిస్తే అవి గబ్బిలాల పనే. తాజాగా ఉంటే వాటినీ నిక్షేపంగా వాడుకోవచ్చు, పైగా గుజ్జు తీసే శ్రమ తప్పుతుంది. ఇసుకలో నెలల తరబడి ఎండిన టెంకల జోలికి పోవద్దు. గుజ్జు తీసిన టెంకలు కిలోకు 100 నుంచి 200 దాకా తూగుతాయి, చెట్టును బట్టి పరిమాణం అంతగా మారుతుంది. 100 మొక్కలు కావాలంటే 150 టెంకలైనా ఏరుకోండి. అన్నీ ఒకే చెట్టు కింద ఏరకండి. నాలుగైదు చెట్ల విత్తనం కలిపితే ఒక చెట్టుకున్న లోపం తోట మొత్తానికీ అంటుకోదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. విత్తనాన్ని నీళ్లలో వేసి, మునిగినవి మంచివి, తేలినవి తాలు అని వేరు చేయడం మనకు అలవాటు. వరికి, పప్పు ధాన్యాలకు ఆ పద్ధతి సరిపోతుంది. పొన్నకు పనికిరాదు. పొన్న టెంకలో పెంకుకూ పప్పుకూ మధ్య బెండులాంటి పొర ఉంటుంది. దానివల్ల మంచి టెంక కూడా నీటి మీద తేలుతుంది. ఈ చెట్టు సముద్రం దాటి దీవి నుంచి దీవికి పాకింది ఆ తేలే గుణంతోనే. తేలినవన్నీ పారబోస్తే మంచి విత్తనాన్ని మన చేతులతో మనమే పారబోసినట్టు. టెంకను చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల లొడలొడలాడితే పప్పు ఎండి కుంచించుకుపోయిందన్నమాట, అది పక్కన పెట్టేయాలి. చప్పుడు లేనివి ఉంచండి. వాటిలోంచి కూడా పదింటిని పగలగొట్టి చూడండి. పప్పు తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉండి, గోరు గుచ్చితే గట్టిగా, పచ్చిగా తగలాలి. గోధుమ రంగుకు తిరిగి చేతికి జిడ్డు అంటుకుంటే ఆ రాశి నూనె తీయడానికే పనికొస్తుంది. పొన్న పప్పులో బరువులో సగానికి పైగా నూనే ఉంటుంది. పూర్వం దీపాలకు వాడింది, ఇప్పుడు ‘తమాను ఆయిల్’ అనే పేరుతో చిన్న సీసాల్లో ఖరీదుకు అమ్ముతున్నది ఆ నూనెనే. అంత నూనె ఉన్న పప్పు ఎక్కువ రోజులు నిలవ ఉండదు. అందుకే ఏరిన వారం పది రోజుల్లో విత్తేయాలి. ఈలోపు నీడలో, గాలి ఆడే గోనెసంచిలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఎండలో ఆరబోస్తే పప్పు చస్తుంది.

కాయల మీద తోలు, గుజ్జు ఉంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు గోనెపట్టా మీద రుద్ది కడగాలి. గుజ్జుతోనే పాతితే అది కుళ్లి, బూజు టెంక లోపలికి దిగుతుంది.

ఇప్పుడు పెంకు సంగతి. పొన్న మొలవలేదని చెప్పేవారిలో ఎక్కువమంది టెంకను ఉన్నదున్నట్టు పాతి, నెల రోజులు నీళ్లు పోసి, విసుగొచ్చి కవరు తిరగబోసినవారే. పెంకుతో పాతితే మొలక రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. పెంకు పగులు ఇచ్చి పాతితే ఐదారు వారాలు. పెంకు పూర్తిగా తీసి పప్పును పాతితే మూడు వారాలు. మొలక శాతం కూడా అదే వరసలో పెరుగుతుంది. పెంకు గట్టిగా ఉండి నీటిని లోపలికి పోనివ్వకపోవడం, లోపలి బెండు పొర ఇంకాస్త అడ్డం పడటం, ఇదీ ఆలస్యానికి కారణం.

అలాగని అందరూ పెంకు పూర్తిగా తీయాలని చెప్పను. ఒలిచిన పప్పుకు కాపలా లేదు. తడి కాస్త ఎక్కువైతే కుళ్లుతుంది, సుత్తి దెబ్బ తగిలిన చోట బూజు మొదలవుతుంది. ఇరవై ముప్ఫై మొక్కలు పెంచుకునేవారు, రోజూ చూసుకోగలవారు పెంకు తీసి వేసుకోండి. వందల్లో వేసే పంచాయతీ నర్సరీలకు, బడులకు పగులు ఇచ్చి వేయడమే సరైన దారి. మరో రెండు మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

పగలగొట్టడం నేర్పుగా చేయాలి. మందమైన చెక్క మీద టెంక కూర్చునేంత చిన్న గుంట తొలిచి, టెంకను అందులో పక్కకు పడుకోబెట్టండి. చిన్న సుత్తితో మెల్లగా, తిప్పుతూ రెండు మూడు దెబ్బలు వేయండి. పెంకు చిట్లిన చప్పుడు వినగానే ఆపేయాలి. వెంట్రుకవాసి బీట కనబడితే చాలు. బండ మీద పెట్టి కొడితే టెంక జారిపోతుంది, లేదా ఒకే దెబ్బకు పప్పు నలుగుతుంది. పూర్తిగా ఒలవాలంటే ఆ బీటలోంచి పెంకును చేత్తో విప్పి, బెండు పొరను గోటితో గీకి తీయండి. కత్తి మొన వాడవద్దు. నలిగిన పప్పు, గాటు పడిన పప్పు విడిగా ఉంచండి. మంచివాటితో కలిపి నానబెట్టారంటే బూజు అన్నిటికీ అంటుకుంటుంది. పగులు ఇచ్చినవైనా ఒలిచినవైనా ఒక రాత్రి మంచినీళ్లలో నానితే చాలు. రెండు మూడు రోజులు నానబెడితే మేలు జరగదు సరికదా, పప్పు పులిసి వాసన వేస్తుంది.

విత్తే మిశ్రమానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఎర్రమట్టి బంకగా ఉంటే ఇసుకను రెండు పాళ్లు చేయండి. సముద్రపు ఇసుక వాడకండి. పెద్ద చెట్టు ఉప్పును తట్టుకుంటుంది, లేత వేరు తట్టుకోదు. ఎరువులో ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రం పొడి కలిపితే కుళ్లు బెడద చాలావరకు తగ్గుతుంది. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కిలో ట్రైకోడెర్మా పొడి కలిపి, చెమ్మగా ఉండేలా నీళ్లు చల్లి, గోనెపట్టా కప్పి వారం పది రోజులు నీడలో ఉంచాలి. కొద్ది మొక్కలే అయితే అదే నిష్పత్తిలో తగ్గించుకోవచ్చు. పచ్చి పేడ మాత్రం వద్దు. ఆ వేడికి వేరు కొన మాడిపోతుంది, పైగా చెదలు చేరతాయి.

టెంకను అంగుళం లోతున పక్కకు పడుకోబెట్టి కప్పండి. అంతకంటే లోతుగా పెడితే మొలక పైకి రావడానికి తంటాలు పడుతుంది. పైపైన పెడితే నీళ్లు పోసినప్పుడల్లా టెంక బయటపడి ఎండుతుంది. పైన 50 శాతం షేడ్‌నెట్. నీళ్లు రోజ్‌క్యాన్‌తో సన్నగా పోయాలి. ఎన్ని పోయాలన్నది చేత్తో తేల్చుకోవాలి. వేలు అంగుళం లోతుకు గుచ్చితే చల్లగా తగలాలి, మట్టి పిడికిట పిండితే నీరు కారకూడదు. వానాకాలంలో మబ్బు పట్టి ఉంటే రెండు రోజులు నీళ్లు పోయకపోయినా నష్టం లేదు. నేను చూసిన నర్సరీల్లో పొన్న విత్తనం ఎండి చచ్చినదానికంటే తడి ఎక్కువై కుళ్లినదే ఎక్కువ.

మొలక వచ్చిందా లేదా అని తవ్వి చూడటం ఎంతమాత్రం కూడదు. పొన్నకు ముందు వేరు దిగుతుంది, కాండం ఆ తరువాతే లేస్తుంది. పైన ఏమీ కనిపించని రోజుల్లోనే కింద తల్లివేరు సాగుతూ ఉంటుంది. వేలితో కెలికితే ఆ వేరు కొన విరుగుతుంది. చింతగింజ మొలిస్తే పప్పుబద్దలు పైకి లేచి కనిపిస్తాయి. పొన్న పప్పు మట్టిలోనే ఉండిపోయి కిందనుంచి మొక్కను పోషిస్తుంది. నిటారైన కాండం లేచి ఒక జత ఆకులు విప్పారాక కూడా టెంక దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ఏదో చెత్త అంటుకుందని దాన్ని లాగేసేవారు ఉన్నారు. దాన్ని లాగితే మొక్క ఆహారమే పోతుంది, అది దానంతట అదే చివికిపోనివ్వాలి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కవరు. బజారులో చవగ్గా దొరికే ఆరు అంగుళాల కవరులో పొన్న వేస్తే, రెండాకుల మొక్కకే తల్లివేరు అడుగు తాకుతుంది. అక్కడ దారి లేక పక్కకు తిరుగుతుంది. కవరు అంచు వెంట చుట్లు చుడుతుంది. పైన మొక్క మాత్రం పచ్చగా, ముచ్చటగా పెరుగుతూనే ఉంటుంది, కొనేవారికి ఏ తేడా తెలియదు. నాటిన తరువాత ఆ చుట్టు విప్పుకోదు. చుట్టిన వేరు చుట్టినట్టే లావెక్కుతుంది, ఒకదాన్ని ఒకటి నొక్కుతాయి. ఇసుక నేలలో లోతుకు దిగి చెట్టును పట్టి ఉంచాల్సిన తల్లివేరు అరడుగు లోతున ముద్దగా మిగిలిపోతుంది. ఏళ్లు గడిచి చెట్టు గుబురుగా కొమ్మలు చాచాక ఒక పెద్ద గాలి వస్తుంది. చెట్టు మొదలు దగ్గర మెలి తిరిగి పక్కకు ఒరుగుతుంది. తీరంలో చెట్లు ఆగవని అప్పుడు జనం అనుకుంటారు. తప్పు చెట్టుది కాదు, గాలిదీ కాదు. కవరు దగ్గర మిగుల్చుకున్న రూపాయి అర్ధరూపాయికి అప్పుడు ఖరీదు కడుతున్నామంతే.

కాబట్టి పొన్నకు కవరు 12 అంగుళాల లోతుకు తగ్గకూడదు. వెడల్పు ఐదారు అంగుళాలు చాలు, వెడల్పు కంటే లోతే ముఖ్యం. అడుగున, పక్కల కింది భాగాన కలిపి పది పన్నెండు రంధ్రాలు ఉండాలి. కవర్లను నేల మీద నేరుగా పేర్చితే వేరు రంధ్రంలోంచి భూమిలోకి దిగిపోతుంది. ఎత్తిన రోజున ఆ వేరు తెగి మొక్క వడలిపోతుంది. ఇటుకల మీద ఇనుప జాలీ పరిచి దాని మీద కవర్లు పెట్టండి. రంధ్రంలోంచి బయటికి వచ్చిన వేరు కొన గాలికి ఎండి ఆగిపోతుంది. దానికి బదులు పైనుంచి పిల్లవేళ్లు పుట్టుకొస్తాయి, చుట్లు పడే బాధ తగ్గుతుంది. జాలీకి ఖర్చు పెట్టలేకపోతే నెలకోసారి కవర్లను పక్కకు జరపాలి. నర్సరీల్లో దీన్నే షిఫ్టింగ్ అంటారు. కూలీ ఖర్చని చాలామంది ఎగ్గొట్టే పని ఇదే.

నారుమడిలో పోసి తరువాత కవర్లలోకి మార్చే పద్ధతి కూడా ఉంది. మార్చేటట్టయితే రెండాకుల దశలోనే, వేరు పొడవు పెరగకముందే, మట్టిగడ్డతో సహా ఎత్తాలి. మొక్క జానెడు అయ్యాక మార్చితే వేరు వంకర తిరగడం ఖాయం. నన్నడిగితే పొన్నను నేరుగా కవరులోనే విత్తమంటాను.

మొక్కకు మూడు జతల ఆకులు వచ్చాక షేడ్‌నెట్ తీయడం మొదలుపెట్టాలి. ముందు వారం ఉదయపు ఎండ మాత్రం తగలనివ్వండి, తరువాతి వారం మధ్యాహ్నం దాకా, ఆపైన పూర్తి ఎండ. ఒకేసారి తీసేస్తే ఆకు అంచులు గోధుమ రంగులో కాలతాయి. అసలు తీయకుండా నీడలోనే ఉంచితే కాండం సన్నగా, పొడుగ్గా సాగి, నాటిన చోట నిలవలేదు. పొన్న నిదానంగా పెరుగుతుంది. నర్సరీలో ఏడాదికి అడుగు, అడుగున్నర ఎదిగితే మంచి ఎదుగుదలే. తొందరపెట్టడానికి యూరియా వేయకండి. ఆకు పెరుగుతుంది, వేరు వెనకబడుతుంది, పురుగుకు మేత దొరుకుతుంది. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు చాలు.

నాటే వేళ అన్ని జిల్లాలకూ ఒకటి కాదు. శ్రీకాకుళం నుంచి కృష్ణా దాకా నైరుతి వానలు పట్టుకున్నాక జూన్ చివర, జులైలో నాటితే మొక్కకు నాలుగు నెలల తడి దొరుకుతుంది. నెల్లూరు తీరానికి ఎక్కువ వాన అక్టోబరు, నవంబరులోనే కురుస్తుంది. అక్కడ జూన్‌లో నాటి ఎండబెట్టడం కంటే అక్టోబరు మొదట్లో నాటడం తెలివైన పని. రాష్ట్రమంతా ఒకే రోజున నాటాలనే కార్యక్రమాలు ఫొటోలకు బాగుంటాయి, దక్షిణ తీరంలోని మొక్కకు మాత్రం బాగుండవు.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఒట్టి ఇసుకైతే చెరువు మట్టి, పది కిలోల చివికిన ఎరువు, రెండు మూడు తట్టల కొబ్బరి పొట్టు కలిపి నింపండి. లేకపోతే పోసిన నీళ్లు నిమిషంలో కిందికి పోతాయి. కొబ్బరి పొట్టు ముందు కడిగి వాడండి, అందులోనూ ఉప్పు ఉంటుంది. నీరు నిలిచే పల్లపు నేలైతే గుంత తవ్వడానికి బదులు అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. కొద్ది రోజుల ముంపును పొన్న ఓర్చుకుంటుంది కానీ నెలల తరబడి నీళ్లలో నిలబడలేదు. కవరును నిలువునా చీరి, మట్టిగడ్డ చెదరకుండా తీయాలి. అడుగున వేరు కొద్దిగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టును పదునైన కత్తెరతో కత్తిరించండి. గడ్డ చుట్టూ వేరే కనబడుతూ మట్టి కనిపించకపోతే ఆ మొక్కను నాటకండి. అది బతుకుతుంది, నిలబడదు.

ఊతకర్ర విషయంలో ఒక మాట. మొక్కను కర్రకు పైనుంచి కింద దాకా బిగించి కడితే కాండం ఊగదు, ఊగని కాండం గట్టిపడదు. మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, గోనెనారతో వదులుగా ఒక కట్టు చాలు. ఏడాది తిరిగేసరికి కర్ర తీసేయాలి. పశువులు తొక్కకుండా చుట్టూ కంప వేయండి. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకసారి పది పదిహేను లీటర్లు ఒకేసారి, నిదానంగా పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. మొదలు చుట్టూ ఎండుటాకు పరిచి, కాండానికి తగలకుండా బెత్తెడు జాగా వదలండి.

చోటు ఎంచుకునేటప్పుడు చెట్టు ఎంతవుతుందో గుర్తుంచుకోవాలి. పొన్న గుబురుగా పక్కలకు విస్తరిస్తుంది. రోడ్డు వెంట అయితే మొక్కకూ మొక్కకూ 8 నుంచి 10 మీటర్ల దూరం ఇవ్వాలి. కరెంటు తీగల కింద వేసి ఏటేటా తల నరికించకండి. ఏడెనిమిదేళ్లకు కాపు మొదలవుతుంది. గుండ్రని గట్టి కాయలు రాలి కాలి కింద దొర్లుతాయి కనుక ముసలివాళ్లు నడిచే బాటల మీదకు కొమ్మలు రాకుండా చూసుకోవాలి. పార్కులు, బడి ఆవరణలు, గుడి చెరువు గట్లు, మత్స్యకార గ్రామాల్లో వలలు బాగుచేసుకునే ఖాళీ స్థలాలు దీనికి అనువైన చోట్లు. సముద్రానికి ఎదురుగా అన్నిటికంటే ముందు వరసలో లేత మొక్కను నిలబెట్టకండి. ఉన్న సరుగుడు తోపుకు వెనక నాటితే మొదటి ఏళ్లలో దానికి చాటు దొరుకుతుంది. ఒడ్డున ఇసుకను పట్టి ఉంచే తీగలను శుభ్రం చేసే పేరుతో పీకించకండి.

పొన్న మంచి చెట్టని తీరమంతా పొన్నే వేయమని నేను అనడం లేదు. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో దీన్ని తకమాక అంటారు. అక్కడ బెరడు తొలిచే పురుగు మోసుకొచ్చే శిలీంధ్రం వల్ల ఈ చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఒకే జాతి బారులు తీరి ఉంటే ఇలాంటి తెగులుకు అడ్డూ ఆపూ ఉండదు. గంగరావి, కానుగ, పొగడ, తాటి కలిపి వేయాలి. వేగంగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను వేలల్లో నాటి, తరువాత అదే చెట్టును వద్దనుకున్న అనుభవం మన పట్టణాలకు ఉండనే ఉంది. విదేశాల్లో ఉన్నవారు ముచ్చటపడి మొక్కలను మట్టితో సహా ఇక్కడికి తేవద్దని కూడా కోరుతున్నాను. అలా తెస్తే తెగులూ వెంట వస్తుంది.

చివరగా తీర జిల్లాల అధికారులకు ఒక విన్నపం. మొక్కల కొనుగోలు పత్రాల్లో మొదట అడిగేది ఎత్తు. ఐదడుగులో ఆరడుగులో ఉండాలంటారు. ఎత్తును బట్టి డబ్బిస్తే, ఇచ్చేవారు చిన్న కవరులో రెండు మూడేళ్లు మగ్గిన మొక్కను ఇస్తారు. అది నిబంధన తప్పే కానీ సరఫరాదారుడి తప్పు కాదు. ఎత్తు నిబంధన తీసేసి ఈ నాలుగూ పెట్టండి: కవరు లోతు 12 అంగుళాలకు తగ్గరాదు, మొక్క ఆ కవరులో 14 నెలలకు మించి ఉండరాదు, నాటడానికి నెల రోజుల ముందు నుంచి పూర్తి ఎండలో ఉండి ఉండాలి, దించుకునేటప్పుడు నూటికి రెండు కవర్లు కోసి వేరు చూడాలి, చుట్టు కనబడితే ఆ లోడు తిప్పి పంపాలి. ఆర్డరు కూడా నాటే నెలలో ఇస్తే లాభం లేదు. వచ్చే ఏడాది జులైలో నాటడానికి పొన్న మొక్క కావాలంటే ఈ ఏడాది ఆగస్టు దాటకుండా విత్తనం కవరులో పడాలి. అందుకు జూన్, జులైలోనే చెట్ల కింద కాయలు ఏరించాలి. ఏరే పనిని ఉపాధి కూలీలకో స్వయం సహాయక సంఘాలకో కిలో లెక్కన అప్పగించవచ్చు. కొనేటప్పుడు ప్రతి సంచిలోంచి పది టెంకలు పగలగొట్టి, పప్పు తెల్లగా ఉంటేనే డబ్బు చెల్లించాలి.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా